అఫ్రే: భయం అనే మాట పోలీస్ స్టేషన్ మెట్లెక్కిన వైనం

నామినేషన్ల ఉపసంహరణ గడువు ముగిసిన మర్నాడు ఇంగ్లీషు పేపరు తీస్తే, ఫలానా నియోజకవర్గంలో ఇంతమంది అభ్యర్థులు 'ఇన్ ద ఫ్రే' అని ఉంటుంది. అదే వార్త తెలుగు పేపర్లో 'బరిలో ఇంతమంది' అని వస్తుంది. తెలుగు డెస్కులో కూర్చున్నవాళ్లు పట్టుకున్న మాట అచ్చంగా సరిపోయింది. కోడిపందెమైనా కుస్తీపట్టైనా ఎన్నికైనా, గిరిగీసుకుని దిగే చోటు బరి. ఫ్రేకి అంతకంటే మంచి తెలుగు మాట దొరకదు.

అయితే ఈ ఫ్రే, తలకాయ తెగిపోయిన మాట. అసలు మాట 'అఫ్రే': ఏ, రెండు ఎఫ్‌లు, ఆర్, ఏ, వై. ముందున్న 'అ' పలకడంలో జారిపోయి ఫ్రే మిగిలింది. అఫ్రేకి ఇప్పటి నిఘంటువులో కొట్లాట అనే అర్థం ఉంటుంది. పెద్ద నిఘంటువు తెరిస్తే దాని పక్కనే, ప్రాచీనం అనో వాడుక పోయింది అనో గుర్తు పెట్టి, ఇంకో అర్థం ఇస్తారు: భయం. క్రియగా అయితే భయపెట్టడం. ఈ క్రియ చచ్చిపోయింది గానీ దాని కడుపున పుట్టిన భూతకాల రూపం మాత్రం రోజూ మన నోట్లో నానుతూనే ఉంది. అదే 'అఫ్రెయిడ్'. భయపెట్టబడినవాడు, అంటే భయపడ్డవాడు.

మాట పుట్టుక చూస్తే ఇంకా బాగుంటుంది. ఇంగ్లీషులోకి ఇది ఇంగ్లండును ఏలిన నార్మన్ల ఫ్రెంచి ద్వారా వచ్చింది. పాత ఫ్రెంచిలో 'ఎస్‌ఫ్రేయెర్'. దాని వెనక లాటిన్ ఉపసర్గ 'ఎక్స్', అంటే బయటికి. దానికి అతుక్కున్నది ఫ్రాంకులనే జర్మనిక్ తెగవాళ్ల మాట 'ఫ్రిదు', అంటే శాంతి. మొత్తం కలిపితే శాంతిలోంచి బయటికి లాగడం. తెలుగులో చెప్పాలంటే నిమ్మళంగా ఉన్నవాణ్ణి స్థిమితం తప్పించడం. ఫ్రెడరిక్ అనే పేరులో మొదటి సగం కూడా ఈ ఫ్రిదు కుటుంబానిదే. ఆ పేరుకు శాంతితో ఏలేవాడని అర్థం. ఫ్రెడరిక్‌కూ అఫ్రెయిడ్‌కూ చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు గానీ, ఉంది.

ఈ మూలం తెలిస్తే మాటలోని అసలు ఛాయ పట్టుబడుతుంది. అఫ్రే అంటే లోలోపల పెరుగుతూ కూర్చునే దిగులు కాదు, గుబులు కాదు. ఉలికిపాటు. నిద్రపోతున్నవాడి చెవి దగ్గర కంచం కిందపడితే కలిగేది. తెలుగులో భయానికి ఇన్ని మాటలుండగా అన్నిటికీ 'భయం' అని రాసేస్తే ఈ తేడా పోతుంది. జంకు, బెదురు, అదురు, దడుపు, హడలు, గుబులు, దిగులు, కొంకు: వీటిలో అఫ్రేకి దగ్గరగా వచ్చేవి అదురు, దడుపు, ఉలికిపాటు. డ్రెడ్ అనే మాటకు గుబులు సరిపోతుంది. 'ఆ' అనే ఇంగ్లీషు మాట (ఏ, డబ్ల్యూ, ఈ) మొదట్లో ఒట్టి భయమే, తర్వాత దేవుడి ముందు నిలబడినప్పటి భయభక్తులైంది.

ఇక్కడ ఇంగ్లీషులో ఒక తమాషా జరిగింది. 'ఫియర్' అనే మాట పాత ఇంగ్లీషులో భయం కాదు. 'ఫేర్' అంటే హఠాత్తుగా మీదపడే ఆపద. బయట జరిగేది. జర్మన్‌లో దాని బంధువు 'గెఫార్' ఇప్పటికీ ప్రమాదమనే అర్థంలోనే ఉంది. ఇంగ్లీషులో మాత్రం ఆ ఆపద మెల్లగా లోపలికి నడిచి, ఆపదను చూసినప్పుడు గుండెలో కలిగేదానికి పేరైపోయింది. అఫ్రే సరిగ్గా ఎదురు దారి పట్టింది. 1300 ప్రాంతంలో అది మనిషి లోపలి భయానికి చెల్లేది; ఆ భయం పుట్టించే గగ్గోలుకూ చెల్లేది. పోనుపోను లోపలి అర్థం ఎండిపోయి, వీధిలో జరిగే గగ్గోలే మిగిలింది. ఒకటి వీధిలోంచి గుండెలోకి, ఇంకొకటి గుండెలోంచి వీధిలోకి. ఫ్రెంచివాళ్లు మాత్రం పాత అర్థం వదల్లేదు. వాళ్లకు 'ఎఫ్రువా' అంటే ఇవ్వాళ్టికీ భయోత్పాతమే.

పాత ఇంగ్లీషు చదివేటప్పుడు అఫ్రే గానీ ఫ్రే గానీ తగిలితే ఇది భయమా, కొట్లాటా అని తేల్చుకోవాలి. అందుకు సులువైన పద్ధతి ఉంది. మాట క్రియగా ఉండి, దానికి మనిషో జంతువో కర్మగా ఉంటే నూటికి తొంభై పాళ్లు 'బెదరగొట్టు' అని తీసుకోవచ్చు. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో ద్వితీయోపదేశకాండం 28వ అధ్యాయం 26వ వచనం చూడండి: శవం మీద వాలిన పక్షుల్నీ జంతువుల్నీ 'ఫ్రే' చేసేవాడు ఎవడూ ఉండడు అని శాపం. ఇక్కడ కొట్లాట అనుకుంటే వాక్యం తలకెక్కదు. మంచె మీద నిలబడి వడిసెల తిప్పుతూ, హోయ్ అని కేకేసి జొన్నచేలో పిట్టల్ని అదిలిస్తారే, ఆ అదిలింపే ఫ్రే. తెలుగులో 'అదిలించు' అంటే అర్థం ఒక్క బెత్తెడు కూడా పక్కకు పోదు.

నామవాచకంగా ఉంటే చుట్టూ ఉన్న మాటలు చూడాలి. ఒకడికి 'అఫ్రే కలిగింది' అన్న ధోరణిలో ఉంటే భయం. ఇద్దరి మధ్య ఉంటే, దానికో చోటూ వేళా ఉంటే కొట్లాట. విశేషణంగా 'అఫ్రేడ్' అని ఉంటే భయమే, సందేహం లేదు. ఇంగ్లీషు కవి కీట్స్ 1820లో అచ్చయిన తన కవితలో నిద్రలోంచి ఉలిక్కిపడి లేచిన అమ్మాయి నీలికళ్లకు ఈ విశేషణమే వాడాడు. ఆయన కాలానికే అది పాతబడిన మాట. కావాలనే పెట్టెలోంచి తీసిన పాత పట్టుచీరలాంటి వాడకం. ఇప్పుడెవరైనా మామూలు ఇంగ్లీషు వ్యాసంలో అలా రాస్తే అచ్చుతప్పు అనుకుని దిద్దేస్తారు.

ఫియర్ దగ్గరా ఇలాంటి గొయ్యే ఒకటుంది. షేక్‌స్పియర్ కాలంలో ఫియర్ క్రియకు భయపడటమే కాదు, భయపెట్టడం అనే అర్థం కూడా ఉంది. ఆయన నాటకమొకదానిలో ఒక పాత్ర, చట్టాన్ని చేలో దిష్టిబొమ్మలా పాతి పిట్టల్ని 'ఫియర్' చేయడానికి వాడకూడదంటుంది. చట్టం పిట్టలకు భయపడటం కాదక్కడ, పిట్టల్ని భయపెట్టడం. 'ఐ ఫియర్ మి' అని కనిపిస్తే నన్ను చూసి నేనే భయపడుతున్నానని కాదు. నాకెందుకో భయంగా ఉంది అని మాత్రమే.

ఇక 'అఫియర్డ్' సంగతి. అఫ్రెయిడ్‌కు ఇది సవతి. ఒకే అర్థం, ఒకే ఇంట్లో కాపురం, పుట్టిళ్లు వేరు. అఫియర్డ్ అచ్చ ఇంగ్లీషు పిల్ల: పాత ఇంగ్లీషులో 'ఆఫేరన్' అంటే భయపెట్టు, దాని భూతకాల రూపమే అఫియర్డ్. అఫ్రెయిడ్ ఫ్రెంచి వారింటి నుంచి వచ్చింది. పద్నాలుగో శతాబ్దం చివర ఇంగ్లీషు కవి చాసర్ తన కథల్లో ఒక ఇల్లాలి గురించి, ఆవిడ అఫియర్డూ కాలేదు, అఫ్రేడూ కాలేదు అని రెంటినీ ఒకే పాదంలో పక్కపక్కన కూర్చోబెట్టాడు. తెలుగులోకి తెస్తే జంకలేదు, బెదరలేదు. షేక్‌స్పియర్ ముప్ఫైసార్లకు పైగా అఫియర్డ్ వాడాడు. నిద్రలో నడుస్తూ లేడీ మాక్‌బెత్ మొగుణ్ణి ఈసడించేది ఈ మాటతోనే: సైనికుడివై ఉండీ అఫియర్డా అని. 1700 దాటాక పుస్తకాల్లో ఈ మాట అరుదైపోయింది. 1611 బైబిలు అఫ్రెయిడ్‌ను వాడటం, ఆ బైబిలు ఇంటింటా చదవడం కూడా అందుకొక కారణమని చెబుతారు.

పుస్తకాల్లోంచి పోయింది గానీ జనం నోట్లోంచి పోలేదు. అమెరికా దక్షిణాన, అపలాచియా కొండ ఊళ్ల యాసలో 'అఫియర్డ్' వినిపిస్తుంది. అందుకే నిఘంటువులు దానికి ప్రాచీనం, మాండలికం అని రెండు గుర్తులూ కలిపి పెడతాయి. సినిమాల్లో, నవలల్లో ఒక పాత్ర ఇది అంటే రెండే అర్థాలు: కథ పాతకాలానిదైనా కావాలి, మనిషి పల్లెటూరివాడైనా కావాలి. అనువాదం చేసేవాళ్లు ఈ రెండింట్లో ఏదో తేల్చుకోకుండా కలం పెట్టకూడదు. పాతకాలమైతే 'వెరపు', 'వెరచితివా' సరిపోతాయి. కొండయాస అయితే వెరపు పెడితే నాటకం డైలాగైపోతుంది. అక్కడ 'జడుసుకోవడం', 'దడుసుకోవడం' లాంటి మన పల్లె మాట కావాలి.

వెరపు గురించి ఒక్క మాట. ఇది మన అఫియర్డ్. వెఱచు, వెఱపు, వెఱ అని బండి ఱతో రాసే అచ్చతెలుగు మాటలివి. ఫ్రెంచి నుంచి వచ్చిన అఫ్రెయిడ్ ఇంగ్లీషు మాటను తోసేసినట్టే, సంస్కృతం నుంచి వచ్చిన భయం మన వెరపును పద్యాల్లోకి తోసేసింది. ఇప్పుడెవరూ 'నాకు వెరపుగా ఉంది' అనరు. కానీ వ్యతిరేకార్థంలో మాట బతికే ఉంది: 'బెదిరింపులకు వెరవకుండా', 'ఎవరికీ వెరవని నాయకుడు' అని పేపర్లో రోజూ రాస్తూనే ఉన్నారు. భయపడేవాళ్లకు పనికిరాని మాట భయపడనివాళ్లకు పనికొచ్చిందన్నమాట.

ఇప్పుడు పోలీస్ స్టేషన్‌కి వద్దాం. అఫ్రే ఎక్కువగా నిలబడింది అక్కడే.

ఇంగ్లండులో 1328లో నార్తాంప్టన్ శాసనం వచ్చింది. రాత్రి గానీ పగలు గానీ ఆయుధాలు పట్టుకుని తిరగకూడదని, 'శాంతికి అఫ్రే' కలిగించేలా బలగంతో రాకూడదని దాని సారం. మూలం చూసుకుంటే అఫ్రేలోనే శాంతి ఉంది కాబట్టి ఇది 'గేటు వాకిలి' లాంటి ప్రయోగం, అది వేరే సంగతి. ఆ అఫ్రే అంటే జనాన్ని భయపెట్టడమా, ఊరికే ఆయుధం పట్టుకుని నడవడమా అన్న తర్కం ఇంకా తెగలేదు. తుపాకులు వెంట పెట్టుకునే హక్కు మీద 2022లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కూడా ఈ శాసనం మీద పెద్ద చర్చే ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇంగ్లీషు న్యాయపండితుడు బ్లాక్‌స్టోన్ తన న్యాయ వ్యాఖ్యానంలో గీత గీశాడు: ఇద్దరో అంతకన్నా ఎక్కువమందో బహిరంగ స్థలంలో, రాజుగారి ప్రజలు భయపడేలా కొట్టుకుంటే అఫ్రే, అదే నాలుగు గోడల మధ్య కొట్టుకుంటే అఫ్రే కాదు, దాడి. చూసేవాళ్ల భయమే నేరానికి ప్రాణం అన్నమాట.

మనకు 1860 నాటి ఐపీసీలో అది 159వ సెక్షన్‌గా వచ్చింది; 160 దాని శిక్ష. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో నిర్వచనం, శిక్ష రెండూ 194వ సెక్షన్ కిందికి చేరాయి. జైలు అప్పుడూ ఇప్పుడూ నెల వరకే. జరిమానా మాత్రం వంద రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది. జైలూ జరిమానా రెండూ కలిపి వేయవచ్చు. వారంటు లేకుండా అరెస్టు చేయదగ్గ నేరమే గానీ బెయిలు హక్కుగా వస్తుంది.

మన నిర్వచనంలో మూడు ముక్కలున్నాయి: ఇద్దరైనా ఉండాలి, బహిరంగ స్థలమై ఉండాలి, కొట్టుకోవడం వల్ల ప్రజాశాంతికి భంగం కలగాలి. కేసులు వీగిపోయేది ఈ ముక్కల్లో ఒకటి జారినప్పుడే. బస్టాండులో ఒకడు ఇంకొకణ్ణి చెంప పగలగొట్టాడు, తిన్నవాడు చెంప పట్టుకుని నిలబడ్డాడు. అది అఫ్రే కాదు, ఒకవైపు దాడి. కొట్టుకోవడమంటే ఇటూ అటూ చేతులు లేవాలి. నడిరోడ్డు మీద అరగంట తిట్టుకున్నారు, చెయ్యి మాత్రం ఎత్తలేదు, అదీ కాదు. తలుపేసుకుని ఇంట్లో తలలు పగలగొట్టుకున్నా కాదు, దానికి వేరే సెక్షన్లున్నాయి. గమనించాల్సింది ఏమిటంటే, మన సెక్షన్‌లో 'భయం' అన్న మాట లేదు. దాని స్థానంలో శాంతిభంగం కూర్చుంది. ఒక రకంగా ఇది మాట పుట్టింటికి చేరడమే: శాంతిలోంచి బయటికి.

ఇంగ్లండు ఎదురు పని చేసింది. 1986 నాటి పబ్లిక్ ఆర్డర్ చట్టం పాత అఫ్రేను రద్దు చేసి మూడో సెక్షన్‌లో కొత్తది రాసింది. అందులో భయాన్ని మళ్లీ నడుమ పెట్టారు. ఒకడు ఇంకొకడి మీద హింసకు దిగినా, దిగుతానని బెదిరించినా, ఆ చోట ఓ మోస్తరు గుండెనిబ్బరం ఉన్న మనిషి ఉండి ఉంటే తనకేం హాని జరుగుతుందోనని భయపడేవాడా అన్నది కొలబద్ద. ఆ మనిషి నిజంగా అక్కడ ఉండనక్కర్లేదు. ఉండే అవకాశం కూడా అక్కర్లేదు. ఇంట్లో జరిగినా చెల్లుతుంది. ఒట్టి మాటలతో బెదిరిస్తే మాత్రం చాలదు. శిక్ష మూడేళ్ల వరకు. అంటే అక్కడ చదువుకోవడానికో ఉద్యోగానికో వెళ్లిన మనవాళ్లు, అఫ్రే అంటే నెల రోజుల చిన్న కేసేగా అని ఇక్కడి లెక్కతో అనుకుంటే పొరపాటు. పేరొకటే, బరువు వేరు.

తెలుగులో దీన్నేమనాలి? దొమ్మీ అని రాస్తే తప్పు. మన పోలీసు భాషలో దొమ్మీ అంటే రయటింగ్: అయిదుగురు లేదా అంతకు మించిన అక్రమ సమూహం ఉండాలి, శిక్ష రెండేళ్ల దాకా పోతుంది, బహిరంగ స్థలమే కానక్కర్లేదు. ఇద్దరు కొట్టుకున్న అఫ్రేను దొమ్మీ చేస్తే నేరాన్ని పెంచినట్టు. కలహం అంటే నోటి గొడవ కూడా అవుతుంది. 'బహిరంగ కొట్లాట' అంటే మూడు ముక్కల్లో రెండు వచ్చేస్తాయి, రాతకు అది చాలు. మాటలో అందుకునే తెలుగు కావాలంటే 'రచ్చ'. రథ్య అంటే వీధి. దాని వికృతే రచ్చ. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు అది నలుగురు కూడే చోటు, రచ్చబండ రచ్చ. ఆ చోటు పేరే అక్కడ జరిగే గొడవకు అంటుకుని, 'రచ్చ చెయ్యకు' అయింది. బహిరంగ స్థలం అనే షరతు మాటలోనే ఇమిడిపోయిన తెలుగు అఫ్రే ఇది. కోర్టు కాగితం మీద రాయలేం గానీ, ఎవరికైనా విప్పి చెప్పాల్సినప్పుడు ఇంతకంటే సూటిది లేదు.

చూడటానికి చుట్టాల్లా ఉండి కాని మాటలు కొన్నున్నాయి. అంచులు పీలికలు పీలికలైన గుడ్డకు 'ఫ్రేడ్' అంటారు. 'ఫ్రేడ్ నర్వ్స్' అంటే బెదిరిన నరాలనుకుంటారు చాలామంది. కాదు, రాపిడికి అరిగి పీచు లేచినవి. ఆ ఫ్రే, రుద్దడం అనే అర్థమున్న లాటిన్ 'ఫ్రికారే' నుంచి వచ్చింది. ఫ్రిక్షన్ దాని అక్క. ఆఫీసు ఆర్డర్లలో ఖర్చులు 'డిఫ్రే' చేయడం కూడా వేరే, అది ఖర్చు అనే ఫ్రెంచి మాట మీద కట్టింది. 'అఫ్రైట్' అఫ్రేకి బంధువు కాదు, ఫ్రైట్‌కు బంధువు; పాత ఇంగ్లీషు మాటే, రెండో ఎఫ్ తర్వాత తగిలించారు. స్పెల్లింగులో ఇవి గుర్తుంటే చాలు: అఫ్రే, అఫ్రైట్ రెండు ఎఫ్‌లు; అఫ్రెయిడ్, అఫియర్డ్ ఒక్కటే.

చివరికి మిగిలిన అఫ్రెయిడ్ దగ్గర కూడా మనం తరచూ కాలు జారుతాం. 'యాన్ అఫ్రెయిడ్ మ్యాన్' అనకూడదు. అస్లీప్, అలైవ్, అవేక్ లాంటి 'అ' మాటల వరుసలో ఇదీ కూర్చుని, నామవాచకం ముందు నిలబడటం మానేసింది. నిజానికి ఈ 'అ'లు మూడు రకాలు. అస్లీప్‌లోది 'ఆన్' అరిగినది, అఫ్రెయిడ్‌లోది లాటిన్ 'ఎక్స్', అఫియర్డ్‌లోది పాత ఇంగ్లీషు ఉపసర్గ. పైకి మాత్రం ఒకే చొక్కా. ముందు పెట్టాలంటే 'ఫ్రైటెన్డ్ మ్యాన్' అనాలి. 'నాకు కుక్కలంటే భయం' అనడానికి 'ఐ యామ్ ఫియరింగ్ డాగ్స్' అనేస్తారు. 'ఐ యామ్ అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్' అనాలి. 'ఆఫ్' బదులు 'ఫర్' పడితే అర్థమే మారుతుంది. 'అఫ్రెయిడ్ ఆఫ్ హిమ్' అంటే వాడంటే భయం. 'అఫ్రెయిడ్ ఫర్ హిమ్' అంటే వాడికేమవుతుందోనని భయం.

ఇంకొకటి, డబ్బింగుల్లోనూ మెషిన్ అనువాదాల్లోనూ విసుగు పుట్టించేది. రిసెప్షన్‌లో అమ్మాయి 'ఐ యామ్ అఫ్రెయిడ్ ద డాక్టర్ ఈజ్ అవుట్' అంటుంది. కింద తెలుగులో 'డాక్టర్ బయటికి వెళ్లారని నేను భయపడుతున్నాను' అని వస్తుంది. ఆ అమ్మాయికి భయమేమీ లేదు. చెప్పే మాట మీకు నచ్చదేమోనని మెత్తగా చెబుతోంది, అంతే. తెలుగులో ఆ పని చేసేది భయం కాదు, 'అండీ'. 'డాక్టరుగారు లేరండీ, బయటికెళ్లారు.'